చీటీల లెక్క

ఆంగ్లంలో కిశోర పాఠకుల కోసం వెలువడే భవిష్యత్కాల సాహస నవలలను మన విమర్శకులు కాలక్షేపపు సరుకుగా తీసిపారేస్తారు. చాలావాటికి అది న్యాయమే. కాని అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో ప్రచురించిన “ది హంగర్ గేమ్స్”ను ఆ గంపలో వేయడానికి నేను ఒప్పుకోను.

ఇతివృత్తం ఇది. పానెం అనే దేశం. పేరు లాటిను మాట. రొట్టె అని అర్థం. రొట్టె పడేసి, వినోదం చూపి జనాన్ని అణచి ఉంచిన రోమను నీతి అందులో ధ్వనిస్తుంది. రాజధాని తింటుంది, పన్నెండు జిల్లాలు పండిస్తాయి, తవ్వుతాయి. ఏటా జిల్లాకొక బాలుణ్ణి, బాలికను చీటీ తీసి, ఒకరినొకరు చంపుకునే పందెంలోకి దింపుతారు. పందెం వర్ణన ఉత్కంఠగా ఉంది, అంతే. నన్ను ఆలోచింపజేసింది చీటీల లెక్క. 12 ఏళ్లు వచ్చిన ప్రతి పిల్ల పేరా ఒక చీటీ. వయసుతోపాటు అవి పెరుగుతాయి. ఇంట్లో తిండి లేనివారు అదనంగా పేరు వేయించుకోవచ్చు. అలా వేసిన ఒక్కొక్క చీటీకి ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని గింజలూ, నూనే ఇస్తారు. కథానాయిక కాట్నిస్‌కు 16 ఏళ్లకే 20 చీటీలు. మేయరు కూతురికి 5. చట్టం ముందు అందరూ సమానులే! చావు మాత్రం గుడిసె వైపు మొగ్గుతుంది. వర్గ సమాజంలో “అదృష్టం” అనే మాటకు ఇంత సూటి వ్యాఖ్యానం పెద్దల నవలల్లో కూడా అరుదు.

మరి దీనికీ శ్రీహరికోటకూ సంబంధమేమిటి? కాట్నిస్ అనేది నీళ్లలో పెరిగే ఒక దుంప మొక్క పేరు. ఆ పిల్ల కంచె దూరి, నిషిద్ధమైన అడవిలో దుంపలు తవ్వి, వేటాడి తల్లినీ చెల్లెలినీ సాకుతుంది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న మన దీవిలో యానాదులు తరతరాలుగా అలాగే బతికారు. 1835లో కంపెనీ ప్రభుత్వం ఆ దీవిని తీసుకుంది. అక్కడి కట్టెలు మద్రాసు పొయ్యిలకు చేరాయి. అడవి సరుకు తెచ్చిన యానాదికి గింజలు కొలిచారు. గింజలకు బతుకును తాకట్టు పెట్టించుకోవడం భవిష్యత్తు కల్పన కాదన్నమాట. 1969లో దీవి రాకెట్ కేంద్రానికి ఎంపికయింది. 1971 అక్టోబరులో చిన్న రాకెట్లు లేచాయి. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, అడవికి కాపలా వచ్చింది.

రాకెట్టును దూషించడం నా ఉద్దేశం కాదు. విజ్ఞానాన్ని రాక్షసిగా చూపడం ఈ రకం నవలలకు పట్టిన జబ్బు. తుపాను జాడ ముందే చెప్పే ఉపగ్రహం జాలరికి ప్రాణదాత. కాని ఆ జ్ఞానానికి చోటిచ్చి తప్పుకున్నవాడికి అందులో వాటా ఎంత? కాలిన్స్ యంత్రాన్ని కాదు, యంత్రం ఎవరి చేతిలో ఉందో చూపింది. అది ఆమె బలం.

2010లో వచ్చిన మూడవ భాగం “మాకింగ్‌జే” దగ్గర నాకు పేచీ ఉంది. తిరుగుబాటు గెలుస్తుంది. దాని నాయకురాలు కాయిన్ కూడా పాత అధ్యక్షుడు స్నో వంటిదేనని తేలుతుంది. కాట్నిస్ బాణం ఆమెను కూలుస్తుంది. నాయకులు చెడిపోవచ్చు. చరిత్రలో చెడిపోయారు కూడా. అది రాసే హక్కు రచయిత్రికి ఉంది. నా అభ్యంతరం అది కాదు. గని కార్మికులు, కూలీలు చావడానికి మాత్రం వస్తారు. తీర్పు చెప్పడానికి రారు. ఒక మహా ప్రజాపోరాటం చివరికి ఇద్దరు అధినేతలకూ ఒక విలుకత్తెకూ మధ్య వ్యవహారమైపోయింది.

పాఠకులు రచయిత్రిని దాటిపోయారు. నవలలోని మూడు వేళ్ల అభివాదాన్ని 2014లో థాయిలాండులోనూ, 2021లో బర్మాలోనూ సైనిక కుట్రలకు ఎదురుగా జనం ఎత్తిపట్టారు. వారికి విలుకత్తె అవసరం కాలేదు.

ముగింపులో పన్నెండో జిల్లా గనులు మూతపడతాయి. రాజధాని యంత్రాలు వచ్చి మందుల కార్ఖానాకు పునాది తవ్వుతాయి. ఆ కార్ఖానా ఎవరిది, అందులో కూలి ఎవరు నిర్ణయిస్తారు అన్నది నవల చెప్పదు. తరగతిలో ఈ పుస్తకం చెప్పే ఉపాధ్యాయుణ్ణి నేనైతే, అక్కడినుంచే మొదలుపెడతాను.