రేమండ్ బెర్రీ 88 ఎత్తులు

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే కండబలం, తోపులాట తప్ప ఇంకేమీ లేదనేవాళ్లకు నేను చెప్పే పేరు ఒక్కటే, రేమండ్ బెర్రీ. బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకు 1955 నుంచి 1967 వరకు ఆడిన ఈ రిసీవర్‌కు, అంటే విసిరిన బంతి పట్టే ఆటగాడికి, వేగం అంతంతమాత్రం. చూపు ఆనక కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని ఆడేవారు. నడుము సరిగా లేక బెల్టు బిగించుకుని బరిలోకి దిగేవారు. అలాంటి మనిషి ఆట మానేసేనాటికి 631 పాసులు పట్టారు, 9,275 గజాలు గడించారు. అప్పటిదాకా జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో అన్ని పాసులు పట్టినవాళ్లు లేరు. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచేది మరొకటి ఉంది. మీదపడి కుమ్మేసే ఆ ఆటలో, చేతికి చిక్కిన బంతిని ఆయన జారవిడిచింది పదమూడు సీజన్లలో రెండంటే రెండుసార్లు!

పుట్టింది 1933లో, టెక్సస్‌లో. తండ్రి హైస్కూల్ జట్టుకు కోచ్. ఆ తండ్రే చివరి ఏడాది దాకా కొడుకును తుది జట్టులోకి తీసుకోలేదు. కాలేజీలో మూడు సీజన్లు కలిపి పట్టింది 33 పాసులు. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 1954 డ్రాఫ్టులో ఎక్కడో 20వ రౌండ్‌లో కోల్ట్స్ వాళ్లు పేరు రాసుకున్నారు. మొదటి సీజన్‌లో 13 పాసులు. ఇంటికి పంపేసినా అడిగేవాళ్లు లేరు. మరుసటి ఏడాది జానీ యునైటస్ వచ్చారు. పిట్స్‌బర్గ్ జట్టు వద్దని వదిలేస్తే ఆటకు ఆరు డాలర్ల చొప్పున ఓ చిన్న జట్టుకు ఆడుకుంటున్న క్వార్టర్‌బ్యాక్ ఆయన. ఎవరికీ అక్కర్లేని ఈ ఇద్దరూ, ప్రాక్టీసు ముగిసి అందరూ వెళ్లిపోయాక మైదానంలో మిగిలిపోయేవారు. ఒకరు విసిరేవారు, ఒకరు పట్టేవారు.

ఇక్కడ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది రెండు మూడు సెకన్లు. రిసీవర్ ఖాళీ దొరికించుకుని, వెనక్కి తిరిగి, చెయ్యెత్తేదాకా ఆగితే పని జరగదు. అతను ఇంకా తిరగకముందే, మనిషి లేని చోటికి బంతి వదలాలి. బంతి చేరే క్షణానికి రిసీవర్ అక్కడ ఉండాలి. ఒక్క అడుగు ఎక్కువైనా తక్కువైనా బంతి శత్రువుల పాలే. యునైటస్ అంత ధైర్యంగా విసిరారంటే, బెర్రీ ఎన్ని అడుగులు వేసి ఎక్కడ మళ్లుతారో ఆయనకు కంఠతా వచ్చు గనుకే.

మరి కాపలావాణ్ని తప్పించుకోవడం ఎలా? వేగంతో కాదు, అది బెర్రీ దగ్గర లేదు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎడమవైపు చూపు విసిరి కుడివైపు కాలు చాపుతాడే, ఆ మర్మమే ఇక్కడా. ఎదుటివాడు వెనక్కి అడుగులేస్తూ కాచుకుంటాడు. బెర్రీ భుజం బయటికి వాల్చి, తలా బయటికే తిప్పి, రెండడుగులు నిజంగానే అటు వేస్తారు. నమ్మి వాడి నడుము అటు తిరిగిందా, ఇక ఇటు తిప్పుకునేలోపు బెర్రీ లోపలికి జారిపోయి ఉంటారు. ఇలాంటి ఎత్తులు 88 ఉన్నాయని ఆయనే లెక్కగట్టారు. ఒక్కోదాన్నీ విడివిడిగా సాధన చేశారు.

చేతుల సంగతి ఇంకా ఘనం. పిల్లలు ఆడుకునే సాగే పుట్టీ ముద్దను పిసుకుతూ వేళ్లకు బలం తెచ్చుకున్నారు. చక్కగా వచ్చిన బంతి ఎవరైనా పడతారు కదా, అందుకని కావాలని వంకరగా విసిరించుకునేవారు. పాదాల దగ్గర పడేవి, తల మీదుగా పోయేవి, వీపు వెనక్కి వచ్చేవి, అన్నీ రోజూ పట్టాల్సిందే. సీజన్ లేనప్పుడు భార్య చేత విసిరించుకున్నారు. ప్రత్యర్థుల ఆట ఫిల్ములు ఇంట్లో ప్రొజెక్టర్ మీద పదేపదే తిప్పి చూశారు. ఆటలో వేసుకునే ప్యాంటు కూడా ఇంకొకరికి ఇవ్వకుండా తానే ఉతుక్కున్నారు. ఇదంతా చాదస్తం అన్నవాళ్లు లేకపోలేదు.

1958 డిసెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఆ చాదస్తం ఏం చేసిందో దేశమంతా చూసింది. ఛాంపియన్‌షిప్ ఫైనల్. న్యూయార్క్ జెయింట్స్ 17, బాల్టిమోర్ 14. రెండు నిమిషాలు కూడా లేవు, బంతి కోల్ట్స్ సొంత 14 గజాల గీత మీద ఉంది. సహచరుడు లెనీ మూర్‌కు ఒక పాస్ వెళ్లాక, జెయింట్స్ రక్షణ వరుసలోని లైన్‌బ్యాకర్ హార్లండ్ స్వేర్ తన చోటు వదిలి వచ్చి సరిగ్గా బెర్రీ ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. ఇలా జరిగితే ఏం చేయాలో ఆ ఇద్దరూ ముందెప్పుడో మాట్లాడుకుని ఉన్నారు. యునైటస్ ఇటు చూశారు, బెర్రీ అటు చూశారు, నోటిమాట లేదు. బయటికి ఒక బొంకు అడుగు, లోపలికి ఒక దూకు, 25 గజాలు! వెంటనే మరో పాస్, 15. ఇంకోటి, 22. వరుసగా మూడు, మూడూ బెర్రీకే, 62 గజాలు. ఏడు సెకన్లుండగా స్టీవ్ మైరా బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నిన ఫీల్డ్ గోల్‌తో స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో అలన్ అమీచీ బంతిని అవతలి గీత దాటించిన టచ్‌డౌన్‌తో కోల్ట్స్ 23-17తో గెలిచింది. ఆ రోజు బెర్రీ పట్టినవి 12 పాసులు, 178 గజాలు, ఒక టచ్‌డౌన్. ఆ తర్వాత రెండేళ్లూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాసులు పట్టింది ఆయనే.

ఈనాటి అంకెలు తెచ్చి 631 ఏపాటిదని అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బెర్రీ రోజుల్లో 1960 వరకు సీజన్‌కు 12 ఆటలే, ఇప్పుడు 17. అప్పుడు రిసీవర్‌ను దారి పొడవునా తోయవచ్చు, గుద్దవచ్చు. 1978లో వచ్చిన నిబంధనతో ఐదు గజాలు దాటాక ముట్టుకుంటేనే తప్పయింది. పైగా ఇప్పుడు చేతులకు బంతి అతుక్కునే గ్లవ్స్! ఒంటిచేత్తో ఒక బంతి పట్టగానే టీవీలో పదిసార్లు తిప్పి చూపిస్తారు. ఆ పట్టులో తొడుగు వాటా ఎంత, చేతి వాటా ఎంత? పిల్లలు ఆ ఒంటిచేతి విన్యాసమే నేర్చుకుంటున్నారు. అడుగు కొలిచి వేయడం, నడుము తిప్పించడం ఎవరికీ పట్టడం లేదు. తర్వాతి తరం రిసీవర్ జెర్రీ రైస్ గొప్పవాడు, కాదనను. పరుగెత్తే దారులు (రూట్లు) అరగదీసి నేర్చుకున్నవాడు కనుకే గొప్పవాడు. మిగతా సందడిలో సగం సరుకు నకిలీదే.

బెర్రీ పేరుకు జరిగిన అన్యాయం ఇంకొకటి ఉంది. 1984 మార్చిలో రాత్రికి రాత్రి సామాన్లు లారీలకెక్కించి కోల్ట్స్ జట్టును ఇండియానాపొలిస్ తరలించుకుపోయారు. యునైటస్ ఆ కొత్త ఊరి జట్టుతో తనకు సంబంధం లేదనేశారు, సరైన పనే చేశారు. అయినా రికార్డు పుస్తకాల్లో బెర్రీ, యునైటస్ పేర్లు నేటికీ వాళ్లు అడుగైనా పెట్టి ఆడని ఊరి జట్టు ఖాతాలోనే ఉన్నాయి. 1996లో క్లీవ్‌లాండ్ జట్టు బాల్టిమోర్‌కు తరలినప్పుడు పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే ఉండాలని లీగ్ ఒప్పుకుంది. క్లీవ్‌లాండ్ అభిమానులకు ఇచ్చిన మర్యాద బాల్టిమోర్ వాళ్లకు ఎందుకివ్వరు? లీగ్ పెద్దలు ఇప్పటికైనా కలం తీసి, ఆ 631 పాసులనూ 1958 ఫైనల్‌నూ బాల్టిమోర్ పేరు మీదికి మార్చి రాయాలి.