పాణినీయమునందలి దేశనామములు

ప్రాచీనగ్రంథములనుండి దేశవిషయములను సంగ్రహించువారికి అష్టాధ్యాయి యొక గని. చతుర్థాధ్యాయ ద్వితీయపాదమునందే గ్రామ నగర జనపద కూపాదుల నామనిష్పత్తికి సూత్రము లెన్నియో కలవు. వాసుదేవశరణ అగ్రవాలగారు 1953లో నాంగ్లమునఁ బ్రకటించిన గ్రంథమున నీ సామగ్రి నొకచోటఁ గూర్చి మహోపకార మొనర్చిరి. నేఁడు గణకయంత్రములచే గ్రంథములలోని స్థలనామముల నేఱి దేశపటమునఁ జుక్కలుగా గుర్తించు పద్ధతియు వ్యాపించుచున్నది. ఇట్టి సంగ్రహములు పెరిగినకొలఁది, సూత్రకారుఁడు చెప్పిన దేది, చదువరి తానుగాఁ జేర్చిన దేది యను విచారణ మావశ్యక మగుచున్నది.

దేశనామములు నాలుగర్థములందుఁ బుట్టునని 4-2-67 మొదలు నాలుగు సూత్రములు చెప్పుచున్నవి. ఒక వస్తు వచట నుండుటచే నొకటి, ఒకఁడు నిర్మించుటచే నొకటి, ఒకరికి నివాసమగుటచే నొకటి, ఒకదాని కదూరమున నుండుటచే నొకటి. ఔదుంబరము, కౌశాంబి, శైబము, వైదిశము క్రమముగా నుదాహరణములు. వీనిని జూచి, మేడిచెట్లున్నచోటెల్ల నౌదుంబరము కావచ్చునను నాశ పుట్టుట సహజము. కాని యా యాశను మొదటఁ ద్రుంచినవాఁడు పాణినియే. నామమునకు యోగమే ప్రమాణమైనచో, యోగము తొలఁగినపుడు నామమును దొలఁగవలసియుండునని 1-2-55 సూత్రతాత్పర్యము. పంచాలక్షత్రియులు లేకున్నను దేశము పంచాలమనియే పిలువఁబడుచున్నదని కాశిక దీనిని వివరించినది. చెట్లు నఱకిన పిమ్మటను ఔదుంబరము ఔదుంబరమే. ఇఁక అదూరమన నెంతదూరమో, ఏ దిక్కో సూత్రము చెప్పదు. వైదిశమను పేరు విదిశాసామీప్యమును మాత్రమే తెలుపును.

మఱియొక చిక్కు కలదు. పై నాలుగుదాహరణములును సూత్రములలోనివి కావు, కాశికలోనివి. కాశిక క్రీ. శ. 7వ శతాబ్దిది, పాణినికిని దానికిని వేయేండ్లకు మించిన యంతరము. గణపాఠమునందును బిమ్మటివారు చేర్చిన శబ్దములు పెక్కు. సూత్రస్థమును, గణస్థమును, వృత్తిస్థమును నొకే పట్టికలోఁ గలిపి పాణినికాలపు భూగోళ మనుట, తాత ముత్తాతల భూములనన్నిటిని నొకని పట్టాలో వ్రాయుట వంటిది.

ఆంధ్రపాఠకుల కశ్మకశబ్దము విశేషముగా విచార్యము. 4-1-173 సూత్రమున సాల్వావయవములు, ప్రత్యగ్రథము, కలకూటము, అశ్మకము నొకచోటఁ బఠింపఁబడినవి. సాల్వు లుత్తరదేశీయులు గదా యని యశ్మకమును వారి చెంతనే వెదకుట పొసఁగదు. ఆ నాలుగింటిని గలిపినది ఇఞ్ ప్రత్యయము గాని పొలిమేర కాదు. 4-1-170లో మగధకళింగములు ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకటి గంగకు దక్షిణమునను, ఒకటి తూర్పుసముద్రతీరమునను గలవు. సహపాఠము సామీప్యమునకు సాక్ష్యము కాఁజాలదు. అశ్మకము గోదావరీతీరమున నుండెనని తెలుపునది పాలిభాషలోని సుత్తనిపాతము. దాని రాజధాని యైన పోతనము నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారులు తలంచిరి. ఆ నిర్ణయమున నామసాదృశ్యమునకును బాలు కలదు. అశ్మ మనఁగా ఱాయి కావునఁ దెలంగాణపు బండలసీమయే యశ్మకమనుట వినసొంపుగా నుండును. పైఁ జెప్పిన 1-2-55 సూత్రమే దానిని వారించుచున్నది.

అట్లని పాణినీయమున నిశ్చితమైన దేశజ్ఞానము లేదనరాదు. 4-2-74 సూత్రము చూడవలయును. విపాశానది, అనఁగా నేఁటి పంజాబునందలి బియాస్, దాని యుత్తరమునఁ గల బావుల పేళ్లకు అఞ్ ప్రత్యయము విధింపఁబడినది, దక్షిణమున అణ్. దత్తుఁడు త్రవ్వించిన బావి యిరుగట్టులను దాత్తమే. కాని ఉత్తరమున నది ఆద్యుదాత్తము, దక్షిణమున నంతోదాత్తము. ఒక నది కీవల నావల పల్లెజనుల యుచ్చారణభేదమును సైతము పరికించిన యీ సూక్ష్మదృష్టిని కాశికాకారులు కొనియాడుట యుచితమే. ఇచట నది పేరును, దిక్కును, వస్తువును సూత్రముననే కలవు, ఊహ కెడములేదు. అయినను స్వరచిహ్నములు లేని ప్రతిలో నీ రెండు దాత్తములకును భేద మేమియుఁ గానరాదు; అక్షరములను మాత్రమే చూచి యేఱు పట్టికలో నా రెండు బావులును నొక్కటియే యగును.