తెలిసీ చెప్పనివారి కథలు

సైన్సు పత్రికలో దెయ్యాల నవలల మీద వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దెయ్యాలు ఉన్నాయా లేవా అని తేల్చడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఈ పత్రిక చదివేవారికి ఆ సందేహం ఉండదు. కాని భయం మాత్రం ఉంది. అది ఎలా పుడుతుంది, ఒకరి నుంచి మరొకరికి ఎలా పాకుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అన్నవి విజ్ఞానశాస్త్రానికి పరాయి ప్రశ్నలు కావు. పేరుపొందిన భయానక నవలలు ఈ ప్రశ్నలకు ఏం జవాబు చెప్పాయో, ఆ జవాబుల్లో పస ఎంతో చూద్దాం.

చూడడానికి ఒక కొలబద్ద కావాలి కదా! నా కొలబద్ద సూరత్ నగరం, 1994 సెప్టెంబరు నెల.

సూరత్‌లో ఏం జరిగింది?

కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వెళ్లిన నేతకార్మికుల కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా సూరత్ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మా నాయన లింబాయత్ ప్రాంతంలో సాంచెలు నడిపేవాడు. 1994లో నాకు పదమూడేళ్లు.

ఆ ఏడు సెప్టెంబరులో తపతి నదికి వరద వచ్చి పల్లపు పేటలు మునిగాయి. నీరు తీశాక బురద, చెత్త, చచ్చిన పశువులు మిగిలాయి. మూడో వారంలో వేడ్ రోడ్డు ప్రాంతంలో కొందరు జ్వరంతో, దగ్గుతో, నెత్తురు కక్కి హఠాత్తుగా చనిపోయారు. న్యుమోనిక్ ప్లేగు అన్న మాట బయటికి పొక్కింది. కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఊరు విడిచిపోయారు. ప్రైవేటు వైద్యుల్లోనూ చాలామంది ఆసుపత్రులకు తాళాలు వేసి వెళ్లారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గోళీలు మాయమయ్యాయి. చివరికి లెక్క చూస్తే దేశం మొత్తం మీద నమోదైన మరణాలు అరవై లోపే.

చనిపోయినవారు పదుల్లో, పారిపోయినవారు లక్షల్లో. ఈ తేడాను "జనం అజ్ఞానం" అని కొట్టిపారేయడం తేలిక. నేను ఒప్పుకోను. ఆ రోజు మా వాడవాళ్లకు తెలియనివి మూడే సంగతులు: ఈ జబ్బు ఎలా అంటుకుంటుంది? ఎన్నాళ్లకు బయటపడుతుంది? మందు ఉందా? మూడింటికీ వైద్యశాస్త్రంలో అప్పటికే జవాబులున్నాయి. దగ్గినప్పుడు వెలువడే తుంపరల ద్వారా, దగ్గరగా మసలేవారికి అంటుకుంటుంది. సోకిన తరువాత సాధారణంగా ఒకటి నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. లక్షణాలు కనిపించిన 24 గంటల్లోపు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందులు మొదలుపెడితే చాలామంది బతుకుతారు. ఆలస్యమైతే ప్రాణం దక్కడం కష్టం. ఈ జవాబులేవీ మా వాడ దాకా రాలేదు. వచ్చింది "నీళ్లలో విషం కలిసిందట" అన్న పుకారు.

అమ్మ నన్నూ చెల్లెల్నీ తీసుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. నాయన సాంచెల దగ్గరే ఉండిపోయాడు.

కోట నుంచి వచ్చిన దొర

నాలుగైదేళ్ల తరువాత, డిగ్రీ చదివే రోజుల్లో, పాత పుస్తకాల బండి మీద 'డ్రాక్యులా' దొరికింది. ఐర్లండు రచయిత బ్రామ్ స్టోకర్ రాసిన ఈ నవల 1897 మేలో లండనులో వెలువడింది. మనిషి రక్తం తాగి బతికే ఒక కౌంటు ట్రాన్సిల్వేనియాలోని తన కోట విడిచి, మట్టి నింపిన యాభై పెట్టెలతో ఓడలో ఇంగ్లండు చేరతాడు. లూసీ అనే యువతి రోజురోజుకీ పాలిపోయి చనిపోతుంది. ఆమె స్నేహితులు, వాన్ హెల్సింగ్ అనే వృద్ధ వైద్యుడు కలిసి కౌంటును తరిమి చంపుతారు. ఇదీ కథ.

సూర్యకాంతి తగిలితే డ్రాక్యులా భస్మమవుతాడని చాలామంది అనుకుంటారు. నవలలో అది లేదు. పగలు అతని శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు చావడమన్నది 1922లో వచ్చిన 'నాస్ఫెరాటు' అనే జర్మన్ మూకీ చిత్రంతో మొదలైంది. ఓడలోంచి ఎలుకలు దిగి, వాటి వెంట ప్లేగు ఊరంతా పాకడం కూడా ఆ చిత్రంలోనిదే. అయితే అంటువ్యాధి భయం స్టోకరుకు కొత్తది కాదు. 1832లో ఐర్లండులోని స్లైగో పట్టణంలో కలరా చేసిన విధ్వంసాన్ని ఆయన తల్లి షార్లట్ చిన్నతనంలో కళ్లారా చూసింది. ఆ అనుభవాన్ని కొడుకు కోసం రాసి ఇచ్చింది కూడా.

మనకు ఆసక్తి కలిగించే మరో సంగతి ఈ నవల వెలువడిన కాలం. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. 1897 జనవరిలో అక్కడే వాల్డెమార్ హాఫ్‌కిన్ తాను తయారు చేసిన ప్లేగు టీకాను ముందుగా తన మీదే ప్రయోగించుకున్నాడు. మే నెలలో 'డ్రాక్యులా' వచ్చింది. మరుసటి ఏడు, 1898లో, కరాచీలో పరిశోధన చేస్తున్న ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సైమండ్ ప్లేగును మోసుకొచ్చేది ఎలుకల వంటి మీద బతికే ఫ్లీ అనే చిన్న పురుగు అని నిరూపించాడు. ఆ పురుగు ఆహారం రక్తమే! నవలలో రక్తం తాగేవాడు కోటలో ఉన్నాడు. నిజ జీవితంలో అది ఎలుక బొచ్చులో ఉంది.

ఈ నవలలో నేను క్షమించలేని గుణం ఒకటుంది. కీడు ఎప్పుడూ బయటి నుంచే, తూర్పు నుంచే, పరాయివాడి రూపంలోనే వస్తుందన్న ఊహ కథకు పునాది. ఆ ఊహకు బలైనవాళ్లలో మేమూ ఉన్నాం. మా అమ్మ పుట్టిన ఊళ్లో బోరింగు దగ్గర ఆమె బిందె పెడితే, వరసలో ఉన్న ఆడవాళ్లు పక్కకు జరిగారు. మా మేనత్త అన్నం గిన్నె గడప అవతల పెట్టి వెళ్లేది. నెల తిరిగినా మేము "సూరతోళ్లమే". వాళ్ల జాగ్రత్త పూర్తిగా తప్పని అనను. జబ్బు తుంపరలతో అంటుకునేదే. కాని ఏడు రోజులు ఆగితే చాలునని ఒక్క వైద్యుడు వచ్చి చెప్పి ఉంటే, ఎనిమిదో రోజు మేనత్త గడప దాటి వచ్చేది.

వెల్లుల్లి పూలు

ఇంత తప్పున్నా నవల నిలిచింది. ఎందుకంటే స్టోకర్ ఒక సంగతి చాలా గట్టిగా పట్టుకున్నాడు.

లూసీ జబ్బుకు కారణం వాన్ హెల్సింగుకు తెలుసు. రాత్రిపూట కౌంటు రాకుండా ఆమె గది నిండా వెల్లుల్లి పూలు పెట్టించి, కిటికీలు మూయిస్తాడు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పడు. లూసీ తల్లి గుండెజబ్బు మనిషి, ఆమెకు అసలే చెప్పడు. ఆ తల్లి రాత్రి గదిలోకి వచ్చి, ఈ ఘాటుకు బిడ్డకు ఊపిరాడదేమోనని పూలన్నీ తీసేసి కిటికీ తెరుస్తుంది. మర్నాడు ఎంతో మేలు చేశానన్నట్లు ఆ మాట డాక్టరుకు చెబుతుంది! ఆమె అజ్ఞానురాలా? కాదు. ఆమెకు తెలిసిన మేరకు సరిగ్గానే చేసింది. తెలిసినవాడు చెప్పకపోవడమే అక్కడి నేరం.

రచయిత ఇదే పాఠాన్ని మరోసారి చెబుతాడు. లూసీ పోయాక, మీనా అనే మరో స్త్రీ అందరి డైరీలనూ ఉత్తరాలనూ సేకరించి, తేదీల వారీగా టైపు చేసి, శత్రువు జాడ పట్టుకోవడానికి దారి చూపిస్తుంది. అంత పని చేసినామెను "ఆడమనిషి, భయపడుతుంది" అని మగవాళ్లు ఆ పైన సమాలోచనల నుంచి తప్పిస్తారు. కౌంటు దాడి చేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆమె మీదే. ఇక దాపరికం ఉండకూడదని వాళ్లు నిర్ణయించుకున్నాకనే కథ గెలుపు వైపు తిరుగుతుంది.

శాస్త్ర దృష్టితో చూస్తే నవలలో పొరపాట్లు లేకపోలేదు. లూసీకి నలుగురు మగవాళ్ల రక్తం ఒకరి తరువాత ఒకరిది ఎక్కిస్తారు. రక్తంలో వర్గాలున్నాయని కార్ల్ లాండ్‌స్టైనర్ చెప్పింది 1901లో కాబట్టి స్టోకరును తప్పుపట్టలేం. కాని ఈనాటి పాఠకుడికి లూసీని చంపింది కౌంటా, చికిత్సా అన్న అనుమానం రాక మానదు. చివరి భాగంలోని ప్రయాణాలు, వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు కూడా విసుగు పుట్టిస్తాయి. ఎనభై పేజీలు తగ్గించినా నష్టం లేదు.

నోరు విప్పని శాస్త్రజ్ఞుడు

'డ్రాక్యులా'కు ఎనభై ఏళ్ల ముందరిది మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'. 1815లో ఇప్పటి ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద, వాయువుల ప్రభావంతో మరుసటి ఏడు ఐరోపాలో వేసవే రాలేదు. 1816లో జెనీవా సరస్సు దగ్గర వానకు ఇంట్లో చిక్కుకున్న మిత్రులు దెయ్యాల కథలు రాయాలని పందెం వేసుకున్నారు. అప్పటికి పద్దెనిమిదేళ్ల మేరీ మొదలుపెట్టిన కథ 1818లో, రచయిత పేరు లేకుండా, నవలగా వచ్చింది.

"ప్రకృతి రహస్యాల్లో వేలు పెడితే ఇంతే" అన్న నీతి ఈ నవలకు అంటగడుతుంటారు. పుస్తకం చదవకుండా చెప్పే మాట అది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తప్పు ప్రాణిని సృష్టించడం కాదు, కళ్లు తెరిచిన ప్రాణిని చూసి పారిపోవడం. అంతకన్నా పెద్ద తప్పు మౌనం. తన తమ్ముణ్ని చంపిందెవరో అతను గ్రహిస్తాడు. ఆ నేరం జస్టీన్ అనే అమాయకురాలైన పనిపిల్ల మీద పడుతుంది. చెబితే పిచ్చివాడంటారని అతను నోరు విప్పడు. ఆమెను ఉరితీస్తారు. తరువాత ఎలిజబెత్‌ను పెళ్లాడబోతూ, ఒక భయంకర రహస్యం ఉంది, పెళ్లయిన మర్నాడు చెబుతానంటాడు. పెళ్లి రాత్రే ఆమె హత్య జరుగుతుంది.

ఒక్క రోజు ఆలస్యం! ప్లేగు వైద్యంలో ఇరవై నాలుగు గంటల విలువ తెలిసినవారికి ఈ ఘట్టం కట్టుకథగా తోచదు. భయానక నవలల్లో నాకు అన్నిటికన్నా గొప్పది ఇదే. ఇందులో మంత్రం లేదు, శాపం లేదు. జరిగిన ప్రతి చావుకూ ఒక మనిషి బాధ్యత వహించవలసి ఉంటుంది.

మన 'తులసిదళం'

ఇదే కొలబద్దతో మన నవల ఒకటి చూద్దాం. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తెలుగు పాఠకలోకాన్ని ఒక ఊపు ఊపింది. పసిపిల్ల మీద చేతబడి జరుగుతుంది. ఆమెను బతికించడానికి ఒక పక్క వైద్యం, హిప్నాటిజం తెలిసినవాళ్లు, మరో పక్క మంత్రాన్ని నమ్మినవాళ్లు పరుగులు తీస్తారు. ఉత్కంఠ నడపడంలో యండమూరికి సాటి వచ్చేవారు తక్కువ. రాత్రి మొదలుపెడితే తెల్లవారేదాకా కింద పెట్టలేం.

అయితే పాప బతికింది వైద్యంతోనా, మంత్రంతోనా? రచయిత తేల్చడు. రెండు దారులూ ఒకే గమ్యం చేరినట్లు చూపి తప్పుకుంటాడు. రంగనాయకమ్మ ఈ నవలను తీవ్రంగా విమర్శిస్తూ ఒక పుస్తకమే రాశారు. నా అభ్యంతరం కొంచెం వేరు. కథలో దెయ్యం ఉండవచ్చు, చేతబడి ఉండవచ్చు. స్టోకర్ కూడా రక్తపిశాచి ఉన్నాడనే రాశాడు, దానికి కట్టుబడ్డాడు. 'తులసిదళం'లో తెలిసీ చెప్పనివాడు పాత్ర కాదు, రచయితే. చేతబడి నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు ఎన్నోసార్లు చదివిన తెలుగు నేల మీద, "ఏమో, రెండూ నిజమేనేమో" అనడం ఉత్త కథా చమత్కారంగా మిగలదు.

కాగితాల కట్ట

సూరత్ భయం దేనితో తగ్గింది? 1995 మేలో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ పొద్దున్నే వీధుల్లోకి పంపారు. చెత్త ఎత్తారా, ఎక్కడ ఏ జ్వరాలున్నాయి అన్న వివరాలు సేకరించి, ఏ రోజుకారోజు చూసే పద్ధతి పెట్టారు. రెండేళ్లు తిరగకుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్ పేరు వినిపించింది. అసలు వచ్చింది ప్లేగేనా అన్న వివాదం మాత్రం చాలాకాలం సాగింది. 2000లో, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన, అప్పటి నమూనాల్లోని సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని పరిశీలించి, అది ప్లేగు కలిగించే యెర్సీనియా పెస్టిస్ అని నిర్ధారించింది. ఆ వార్త చదివి నాయనకు ఫోను చేశాను. "ఇప్పుడా చెప్పేది?" అన్నాడు.

మీనా టైపు చేసిన కాగితాల కట్ట అందుకే నాకు వెల్లుల్లికన్నా, శిలువకన్నా పెద్ద ఆయుధంగా కనిపిస్తుంది. ఎవరికి వారు దాచుకున్న ముక్కలను ఒకచోట చేర్చి, తేదీల వారీగా పెట్టి, అందరి చేతికీ ఇవ్వడం. సైన్సు పని కూడా ఇంచుమించు అదే కదా!

కాబట్టి పిల్లలు దెయ్యాల నవల చదువుతుంటే లాక్కోకండి. 'ఫ్రాంకెన్‌స్టైన్' మీరే కొనిపెట్టండి. 'డ్రాక్యులా' చదవనివ్వండి, 'తులసిదళం' కూడా చదవనివ్వండి. పుస్తకం మూశాక ఒక్క ప్రశ్న మాత్రం అడగండి: "ఈ కథలో అసలు సంగతి ముందే ఎవరికి తెలుసు? వాళ్లు ఎందుకు చెప్పలేదు?" ఆ ప్రశ్న అలవాటైన పిల్లలు, రేపు మరో మహమ్మారి వచ్చి ఊరంతా మూటలు కట్టుకుంటున్నప్పుడు, రైలు ఎక్కేముందు ఆసుపత్రికి వెళ్లి అదే ప్రశ్న అడుగుతారు.