చదవడానికి మాత్రమే

సర్వర్ లాగ్‌ను ఎడిటర్‌లో తెరిచేవాళ్లను చూస్తే నాకు గుండె గుబేలుమంటుంది. చదవడానికే తెరిచారు, నిజమే. వేలు జారి ఒక అక్షరం పడి, అలవాటుకొద్దీ సేవ్ కూడా నొక్కేశారంటే, రాత్రి ఏం జరిగిందో చెప్పాల్సిన సాక్ష్యం అక్కడే చెడిపోతుంది. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు నేర్పేది 'లెస్'.

యూనిక్స్, లినక్స్ టెర్మినల్‌లో ఫైలు చూపించడమే దాని పని. 1978లో బర్క్‌లీలో డేనియల్ హాల్బర్ట్ రాసిన 'మోర్' ఒక్కో తెర చూపిస్తూ ముందుకు పోయేది. వెనక్కి కూడా వెళ్లగలగాలని మార్క్ నూడెల్మన్ 1980లలో లెస్ రాశారు. లాగ్ చదవడమంటేనే వెనక్కి నడవడం. తప్పు బయటపడిన వరుస కింద ఉంటుంది, కారణం ఎక్కడో పైన. నేను పెద్ద జీ నొక్కి చివరికి పోతాను. ప్రశ్నార్థకం కొట్టి, వెతకాల్సిన మాట ఇస్తాను. ఇక ఎన్ నొక్కినకొద్దీ పైపైకి తీసుకెళ్తుంది. ఫైలు ఎన్ని గిగాబైట్లున్నా మొదటి తెర వెంటనే వస్తుంది, ఎందుకంటే అంతా చదివాక చూపిద్దామని అది ఆగదు. పెద్ద ఎఫ్ నొక్కితే కొత్తగా చేరుతున్న వరుసలు కళ్లముందే కదులుతాయి.

ఒక దొడ్డిదారి ఉంది: వీ నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది. ఇతరులకు ఇచ్చే యంత్రాల్లో 'లెస్‌సెక్యూర్' అనే వేరియబుల్‌కు 1 ఇచ్చి దాన్నీ మూసేయడం మంచిది.

తెలుగు దగ్గర మాత్రం ఇబ్బందే. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. అమరిక సరిగా లేకపోతే లెస్ అక్షరాల బదులు ఆ బైట్ల సంకేతాలే చూపిస్తుంది. అమరిక కుదిరినా చాలా టెర్మినళ్లలో ఒత్తులు కుదురుకోవు. ఇన్నేళ్లయినా ఇలా ఉండటం నాకు బాధే.

అందుకే నా సొంత తెలుగు రాతప్రతులకు ఈమాక్స్ అనే ఎడిటర్ వాడతాను. కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-క్యూ నొక్కితే ఫైలు చదవడానికి మాత్రమే మిగులుతుంది. దిద్దే వీలుంటే రెండో వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది, వ్యాసం మొత్తం ఎలా నడుస్తోందో ఎప్పటికీ వినపడదు. వీల్లేనప్పుడు చివరిదాకా చదువుతాను, వరుస నంబరు చూసి సందేహాన్ని కాగితం మీద రాసుకుంటాను. చదవడం పూర్తయ్యేసరికి వాటిలో చాలా కొట్టేస్తాను: రెండో పేరాలో లోటనిపించిన మాట ఐదో పేరాలో, ఉండాల్సిన చోటే ఉంటుంది.