ఒకే రిఫ్, మళ్ళీ మళ్ళీ

1969 అక్టోబరులో బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు నలుగురు లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోకి వెళ్ళి, తమ తొలి ఆల్బమ్‌ని దాదాపు ఒక్క రోజులో వాయించేసి బయటికొచ్చారు. ఆ బృందం పేరు బ్లాక్ సబాత్. మెటల్ సంగీతానికి పునాది అక్కడే పడిందంటారు. సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్ళకి, 1990 అక్టోబరులో, ఆ సంగీతం వింటూ పెరిగిన మెటాలికా బృందం నలుగురూ తమ ఐదో ఆల్బమ్ కోసం లాస్ ఏంజెలెస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో దిగారు. పని పూర్తయ్యేసరికి 1991 జూన్ వచ్చింది. ఖర్చు పది లక్షల డాలర్ల దాకా తేలింది. మిక్సింగ్ మూడుసార్లు చేశారు. ఆ రోజుల్లోనే నలుగురిలో ముగ్గురి కాపురాలు విడిపోయాయి.

వాయించడం రాక అన్ని నెలలు పట్టలేదు. అప్పటికే నాలుగు ఆల్బమ్‌లు చేసిన చేతులవి. కష్టమంతా మెటల్ శబ్దం స్వభావంలోనే ఉంది.

బయటినుంచి వినేవాళ్ళకి మెటల్ అంటే కోపం, మోత, కేకలు. ఇంత గోలలో చిన్న తప్పు ఎవరికి తెలుస్తుందనిపిస్తుంది. జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. గిటారు శబ్దాన్ని యాంప్లిఫయర్ భరించగలిగిన హద్దు దాటించి, కావాలని చెదరగొట్టడమే డిస్టార్షన్. అలా చెదిరినప్పుడు చిన్న చప్పుడూ పెద్ద చప్పుడూ ఇంచుమించు ఒకే ఎత్తుకి వచ్చేస్తాయి. వేలు తీగ మీద జారిన గరగర, తాకకూడని పక్క తీగ మోగడం, శ్రుతిలో రవ్వంత తేడా, అన్నీ అసలు వరసతో సమానంగా పైకి లేస్తాయి. అందుకే మెటల్ గిటారిస్టు చేతులకి సగం పని మోగించడమైతే, మిగతా సగం మోగనివ్వకుండా ఆపడం. అరచేతి అంచుని తీగల మీద ఆన్చి, ప్రతి దెబ్బనీ పుట్టిన చోటే నొక్కేస్తుంటాడు.

ఇక ఈ విద్యకి గుండెకాయ లాంటి పద్ధతి ఒకటుంది: డబుల్ ట్రాకింగ్. పాటంతా పదే పదే తిరిగే గిటారు వరసని రిఫ్ అంటారు. మంచి మెటల్ రికార్డులో ఆ రిఫ్ కుడి ఎడమల నుంచి గోడలా మీదికి వస్తుంది. ఒకసారి వాయించినదాన్నే కాపీ తీసి రెండు పక్కలా పెడితే ఆ గోడ లేవదు. రెండూ ఒకటే కాబట్టి చెవి వాటిని నడిమధ్యలో ఒకే గిటారుగా కలిపేసుకుంటుంది. కనుక అదే రిఫ్‌ని మొదటినుంచి మళ్ళీ వాయించాలి. రెండోది మొదటిదానికి అచ్చుగుద్దినట్టుండాలి. అయినా వాయించేది మనిషి కాబట్టి వెంట్రుకవాసి తేడా ఎలాగూ వస్తుంది. ఆ వెంట్రుకవాసిలోంచే వెడల్పు పుడుతుంది. తేడా ఇంకాస్త పెరిగితే అంతా అలుక్కుపోతుంది. మెటాలికా ఆ ఐదో ఆల్బమ్‌లోని ‘ఎంటర్ శాండ్‌మన్’ పాటకి రిథమ్ గిటారుని మూడు ట్రాకులుగా పేర్చారు. మూడూ బృందంలోని జేమ్స్ హెట్‌ఫీల్డ్ వాయించినవే. పక్కన కర్క్ హామెట్ లాంటి గిటారిస్టు ఉన్నా, ఆ పని ఒకే చేతికి వదిలేశారు.

ఆ చేతి సంగతీ చెప్పాలి. తీగని కిందికీ పైకీ మార్చి మార్చి మీటితే శ్రమ సగం తగ్గుతుంది. హెట్‌ఫీల్డ్ మాత్రం కిందికే కొడతాడు, ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడాలని. మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పాట ఎనిమిదిన్నర నిమిషాలు, వేగం నిమిషానికి 200 దెబ్బలు దాటిన లయ. దాన్ని ఆ పద్ధతిలో, అదే బలంతో, ట్రాకు తర్వాత ట్రాకు వాయించడం ఒళ్ళు హూనమయ్యే పని. ఈ మొండితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

గిటారు కంటే ముందు డ్రమ్స్ తేలాలి, మిగతాదంతా వాటి మీదే నిలబడుతుంది. ‘ఎంటర్ శాండ్‌మన్’కి డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ దాదాపు 50 టేకులు వాయించాడు. వాటిలో బాగా కుదిరిన ముక్కల్ని ఏరి ఒకటిగా అతికారు. మద్రాసు స్టూడియోల్లో ఒకప్పుడు మన సినిమా పాటకి గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చునేవారు. ఎవరు తప్పినా అందరూ మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ శ్రమకి తోడు ఉండేది. మెటల్‌వాడి శ్రమ ఎక్కువగా ఒంటరిది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తనతో తానే పోటీ పడటం. నిర్మాత బాబ్ రాక్ చేసిన మేలు ఇక్కడే ఉంది. అంతకుముందు ఎవరి భాగం వాళ్ళు విడిగా వాయించే అలవాటున్న ఆ నలుగురినీ, ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయించమని పట్టుబట్టాడు. ఆ పాటల్లో ఊపిరి అక్కడినుంచే వచ్చింది.

మిక్సింగ్‌లో మరో తగువు. పాదంతో మోగించే కిక్ డ్రమ్, బాస్ గిటారు, బరువైన రిథమ్ గిటారు మూడూ కింది స్వరాల్లో ఒకే చోటు కోసం తోసుకుంటాయి. మెటాలికా 1988 ఆల్బమ్ ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో జేసన్ న్యూస్టెడ్ బాస్ దాదాపు వినబడదు. ఎన్ని మంచి రిఫ్‌లున్నా ఆ లోటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాతిదైన ఆ ఐదో ఆల్బమ్‌లో బాస్‌కి చోటు దక్కింది.

ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. తప్పిన దెబ్బని మౌస్‌తో లయలోకి జరపొచ్చు, ప్రతి కిక్ దెబ్బ స్థానంలో ఒకే శబ్దాన్ని అతికించొచ్చు. డబ్బు లేని కొత్త బృందాలకి ఇది పెద్ద ఆసరా, కాదనను. కానీ ప్రతి దెబ్బనీ గీతలో నిలబెట్టిన రికార్డుల్లో బరువు పలచబడిందని నా చెవి చెబుతుంది. స్వీడన్ బృందం మెషుగా 2005లో ‘క్యాచ్ థర్టీత్రీ’ ఆల్బమ్‌కి డ్రమ్స్ మొత్తం కంప్యూటర్‌లోనే రాసింది. ఆ సంగీతానికి అది కుదిరింది కూడా. అయినా 2008లో ‘ఒబ్జెన్’కి వచ్చేసరికి బృందం డ్రమ్మర్ థామస్ హాకే మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. అందులో ‘బ్లీడ్’ అనే పాట ఏడు నిమిషాలకి పైగా ఉంటుంది, రెండు పాదాలకీ తీరిక దొరకదు. దాని కోసం పాదాలు కదిపే తీరునే అతను కొత్తగా సాధన చేసుకోవాల్సొచ్చింది.