కొలత పెట్టె నేర్పే చదువు

పోటీ రోబో రూపకల్పనలో తొలి కసరత్తు పరిమాణ నిబంధనను సరిగ్గా అర్థం చేసుకోవడమే. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్‌లోని రోబోమిషన్ విభాగంలో, పరుగుకు ముందు రోబో పొడవు, వెడల్పు, ఎత్తులలో ఏదీ 250 మిల్లీమీటర్లు దాటకూడదు; ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో ప్రారంభ హద్దు 18 అంగుళాలు, అంటే 457.2 మిల్లీమీటర్లు. ఈ అంకెలు తేలికగా కనిపించినా, కొలత ఎప్పుడు తీస్తారు, ఏవేవి లెక్కకు వస్తాయి, దేనితో కొలుస్తారు అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికాకే వాటి అర్థం పూర్తవుతుంది.

రోబోమిషన్‌లో పరిమితి ప్రారంభ స్థితికి, అనగా కదలికకు ముందు రోబో ముడుచుకుని నిలిచే ఆకృతికి, మాత్రమే వర్తిస్తుంది. ఆ తరువాత అది చేతులు చాచవచ్చు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ 2024–25 సీజన్‌లోనైతే, ఆట సాగినంతసేపూ అడ్డంగా 20 × 42 అంగుళాల దీర్ఘచతురస్రాన్ని దాటరాదన్న విస్తరణ పరిమితి కూడా ఉండేది. కాబట్టి ఒక పోటీ అనుభవాన్ని మరో పోటీకి, ఒక ఏటి నిబంధనను మరుసటి ఏటికి అన్వయించరాదు.

హద్దును భయంతో చదివినా నష్టమే. 250 మి.మీ. ఘనంలో అంతకన్నా పొడవైన చేయి పట్టదనుకోవడం పొరపాటు. ఒక ముఖంపై కర్ణం సుమారు 353 మి.మీ., ఎదురెదురు మూలలను కలిపే కర్ణం సుమారు 433 మి.మీ. ఉంటాయి కనుక, కడ్డీ మందం వల్ల కొంత తగ్గినా, ఏటవాలుగా అమర్చితే అంచుకన్నా పొడవైన చేయి ఇముడుతుంది.

అలాగని హద్దు చివరిదాకా గీయడమూ తగదు. రోబోమిషన్ కొలతలో కేబుళ్లు కూడా చేరతాయి. చట్రాన్ని కచ్చితంగా 250 వద్ద గీస్తే, పక్కకు పొడుచుకొచ్చిన 3 మి.మీ. బోల్టు తల ఒక్కటే దానిని 253కు చేరుస్తుంది. తనిఖీలో కొలిచేది కంప్యూటర్‌లోని నమూనాను కాదు, బిగించి నిలబెట్టిన యంత్రాన్ని. అందుచేత కొన్ని మిల్లీమీటర్ల వెసులుబాటును మొదటి గీతలోనే వదలడం విజ్ఞత.

కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు కేటాయించే నవోదయ వ్యవస్థలో భాగమైన వర్గల్ జవహర్ నవోదయ విద్యాలయం వంటి ఆవాస పాఠశాలల్లో రోబోను ఇలా కొలిచి చూసుకునే శిక్షణకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కొలత పెట్టెగా, లోపలి కొలత కచ్చితంగా ఉన్న అట్టపెట్టె చాలు. మార్గదర్శక ఉపాధ్యాయులు పనిముట్లు అందించడానికి ముందే నిబంధనను పిల్లలచేత చదివించి, సందేహం మిగిలిన చోట ఊహకు తావివ్వక, నిర్వాహకులను రాతపూర్వకంగా అడిగించాలి.