ఇల్లు నిలిచినది, వీధి ఏదీ?

మద్రాసుకు దక్షిణాన ముట్టుకాడు వద్ద 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రను చూచినవారికి ఒక ఆనందమూ, ఒక వెలితీ కలుగును. కూలిపోనున్న పల్లె ఇండ్లను విప్పి, దూలమూ ద్వారబంధమూ తరలించి, లారీ బేకర్ రూపమిచ్చిన ఆవరణలో తిరిగి నిలిపినారు. నల్లగొండ సీమ చేనేతవారి గృహమూ అందులో ఉన్నది. కళాకారులు బసచేసి పనిచేసికొనే వసతీ కలదు. ఈ పూనిక శ్లాఘనీయమే. కాని ఇల్లు దక్కినది, దాని వీధి రాలేదు. అరుగు ఉన్నది, దానిపై కూర్చుండి బాటసారిని పలుకరించే పెద్దలు లేరు.

మన కోలారు సీమలో బండలు పరచిన పాత మిద్దెలు ఇంకా కొన్ని నిలిచియున్నవి. వాటిని ఉన్నచోటనే బాగుచేయిస్తూ కళాకారులకు ఆతిథ్యమీయదలచినవారు రెండు సంగతులు తలపోయవలెను. సున్నపు తడి ఆరకముందే చిత్రకారుడు రావలెను. గోడ కట్టే మేస్త్రీని అతని పంక్తిలోనే కూర్చుండబెట్టవలెను. గోడ ఎట్లు లేచినదో ఎరుగనివాడు దానిపై వ్రాసే బొమ్మ అలంకారమాత్రమే. ఇక, అతిథి వెళ్ళిన పిమ్మట ఆ ఇంట దీపం పెట్టేవారుండవలెను. 2001లో గనులు మూతపడిన తరువాత పాడుబడిన బంగళాలను చూచిన మనకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.